ఆలస్యానికి కారణం

చెమట కాదు. చెమటైతే పైనుంచి కిందికి దిగాలి. ఇది మెడ కింది నుంచి చెవి వైపు ఎక్కుతోంది. కాబట్టి చీమ. చీమ ఎందుకు వచ్చిందంటే, పొద్దున జిగురన్నంలో బెల్లం ఎక్కువైంది, ఒక చుక్క కాలరు మీద పడి ఉంటుంది. బెల్లం ఎందుకు ఎక్కువైందంటే, కొత్త సంవత్సరపు నీళ్ల పండుగ దగ్గరపడింది, దాతలు ఎక్కువయ్యారు. అంటే ఈ చీమకు మూలం పండుగ.

ఓన్ ఖిన్‌కి తృప్తిగా అనిపించింది. అప్పటికి చీమ చెవి దగ్గరికి చేరింది. నిజానికి అతను చేయాల్సింది ఒక్కటే: 'దురద, దురద' అని మనసులో గుర్తించి, మళ్లీ పొట్ట మీదికి రావడం. ఊపిరి పీల్చినప్పుడు పొట్ట ఉబ్బుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. 'ఉబ్బుతోంది, తగ్గుతోంది' అని గమనిస్తూ కూర్చోవాలి. మొదటి రోజు చెప్పింది ఇంతే. హాల్లో ఉన్న నూట నలభై మంది ఇదే చేస్తున్నారు. ఓన్ ఖిన్‌కి ఇవాళ మూడో రోజు. అతని పొట్ట, అతను చూసినప్పుడల్లా ఆగిపోతోంది.

అతను కారణాలు రాసే గుమాస్తా. మోలమ్యైన్ రేవులో లాంచీ ఆలస్యమైతే, ఆ ఆలస్యానికి కారణం రాసి పైకి పంపాలి. ఇరవై ఆరేళ్లుగా రాస్తున్నాడు. ఆటు, పోటు, పొగమంచు, చక్రానికి చుట్టుకున్న వల, ఎక్కుతూ ఫొటోలు దిగిన పెళ్లివారు. కారణం లేదు అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

వంటసాలలో గరిటె గంగాళం అంచుకు తగిలిన చప్పుడైంది. రెండుసార్లు కొట్టి, ఆగి, ఇంకోసారి కొట్టడం. ఆ గరిటె ఎవరి చేతిలో ఉందో అతనికి తెలుసు. 'వినబడుతోంది' అని గుర్తించాలి. అతను గుర్తించింది 'ప్యూ' అని.

ప్యూ అతని చెల్లెలు. అతనికంటే పద్నాలుగేళ్లు చిన్నది. పదకొండేళ్ల కిందట సన్యాసం తీసుకుని, తల గొరిగించుకుని గులాబీ వస్త్రాలు కట్టింది; ఇప్పుడామె పేరు సుచారి, అందరూ చిన్న గురువమ్మ అంటారు. ఆమె ఉండేది ఈ ధ్యాన కేంద్రంలోనే. ఓన్ ఖిన్ ఈ కేంద్రాన్ని ఎంచుకున్నది మాత్రం బస్సు స్టాపు దగ్గరని. రక్తపోటు తగ్గాలంటే సెలవుల్లో పది రోజులు ధ్యానానికి కూర్చోమని డాక్టరు అన్నాడు. ఊళ్లో ధ్యాన కేంద్రాలు ఆరున్నాయి. నాలుగింటికి బస్సు స్టాపు ఇంకా దగ్గర. ఆ సంగతి అతను ఫారం నింపాక గమనించాడు.

చెల్లెలికి అతను చేయాల్సిన పని ఒకటి తొమ్మిదేళ్లుగా మిగిలిపోయింది. కొత్త సంవత్సరం రోజు మధ్యాహ్నం బస్సుకి ఆమె సగాయింగ్ కొండల్లోని మఠానికి వెళ్లిపోతోందని భోజనశాల బోర్డు మీద రాసి ఉంది. మళ్లీ రాదు. అతని పది రోజులు ముగిసేదీ ఆ రోజే.

*

పెద్ద గురువుగారు విసనకర్ర మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. సాధకులు వరసగా వచ్చి, నిన్నటి నుంచి ఏం గమనించారో చెప్పుకోవాలి.

"పొట్ట ఏం చేసింది?" అన్నారు.

"గురువుగారూ, రెండు రాత్రులుగా నిద్ర సరిగా లేదండి. పైగా పడమటి గాలి..."

"పొట్ట ఏం చేసింది?"

"అలవాటు లేకపోవడం వల్ల..."

"ఎవరి పొట్ట?"

"నాదేనండి."

"అది ఏం చేసింది?"

ఓన్ ఖిన్ ఆలోచించాడు. "ఆగిపోయిందండి. చూసినప్పుడల్లా ఆగిపోతోంది."

"ఎంతసేపు?"

"చూసినంతసేపూ."

"మరి బతికే ఉన్నావుగా?"

"దానికి కారణం..."

"కారణాలు రేవులో రాసుకో. రేపు వచ్చేటప్పుడు పొట్ట పట్టుకురా."

వెనకాయన ముందుకు జరిగాడు. ఓన్ ఖిన్ మూడుసార్లు నేలకు తల ఆన్చి లేచాడు. గురువుగారి ముందు వంగడం ఎంత తేలికో అతను అప్పుడే గమనించాడు. దానికి కారణం కూడా దొరికింది: అందరూ వంగుతారు.

*

గదిలో అతనితో పాటు ఉన్నది తా జాన్. ఐసు ఫ్యాక్టరీ యజమాని, అరవై నాలుగేళ్లు. పండుగకి ఊరంతా ఐసు కొనే వారంలో ఫ్యాక్టరీ కొడుకులకు అప్పగించి ఏడేళ్లుగా ఇక్కడికి వస్తున్నాడు. మౌనం పాటించాలి కాబట్టి పెదవులు కదపకుండా మాట్లాడటం నేర్చుకున్నాడు. నడక వరండాలో ఓన్ ఖిన్ వెనక అడుగులో అడుగు వేస్తూ వచ్చాడు.

"తమ్ముడూ. పొట్ట కనబడట్లేదటగా?"

"మీకెవరు చెప్పారన్నా?"

"వరసలో నీ వెనక ఉన్నది నేనే. చెవులు మూసుకోమని మనం పట్టిన శీలాల్లో లేదు." నాలుగు అడుగులు పడ్డాయి. "నువ్వు ఎవర్నో తిట్టావు."

"నేనా?"

"ధ్యానంలో పండి మార్గం అందినవాళ్లెవర్నో. అలాంటివాళ్లని ఒక్క మాట తూలావంటే అంతే, తలుపు మూసుకుపోతుంది. క్షమించమని మొక్కేదాకా తెరుచుకోదు. నాకు రెండో ఏడు ఇలాగే అయింది. మోకాళ్ల నొప్పి తప్ప ఇంకేమీ తెలియలేదు పది రోజులూ."

"మరి ఎవర్ని తిట్టారు?"

"అదే తెలియదుగా. మార్గం అందినవాడు మెడలో బోర్డు వేసుకుని తిరుగుతాడా? ఇంటికి వెళ్లి వరసగా మొక్కడం మొదలుపెట్టాను. మా వంటామె, ఇద్దరు డ్రైవర్లు, కరెంటు ఆఫీసు మనిషి. చివరికి మా అత్తగారు."

"ఆవిడకి మార్గం అందిందా?"

"ఏమో. ఆవిడకి మొక్కాక మోకాళ్లు తగ్గాయి. నువ్వూ ఒక జాబితా రాసుకో."

జాబితా అన్న మాట వినగానే ఓన్ ఖిన్ మనసు మూడు రోజుల్లో మొదటిసారి స్థిరపడింది. తర్వాతి గంటంతా కదలకుండా కూర్చున్నాడు. చూసినవాళ్లు ఇతనికి ధ్యానం కుదిరిందనుకుని ఉంటారు. అతను ఇరవై ఆరేళ్ల తిట్లు వరస పెట్టుకుంటున్నాడు. మొదటి పేరు టీ కొట్టు అతను, పాలు పలచన. నాలుగో పేరు బావమరిది. తొమ్మిదో పేరు ఒక లాంచీ సరంగు. అతన్ని తిట్టిన సంగతి అతనికే తెలియదు, ఫారంలో తిట్టాడు కాబట్టి. పదిహేడు పేర్లు వచ్చాయి. ఒక్కరూ మార్గం అందినవాళ్లలా కనబడలేదు. గంట కొట్టారు. పద్దెనిమిదో పేరు అతనికి మొదటి నిమిషం నుంచీ తెలుసు.

ప్యూని రేవు ఆఫీసులో పెట్టించింది అతనే. ముగ్గురు అధికారుల చుట్టూ తిరిగి, ఆమె తెలివికి హామీ ఉండి పెట్టించాడు. మూడు నెలలకు మానేసి, తల గొరిగించుకుంటానంది. ఆ వేడుకకి బంధువులంతా వచ్చారు. అమ్మ తెల్ల గుడ్డ పట్టుకుని రాలుతున్న జుట్టు అందుకుంటోంది. ఓన్ ఖిన్ అందరికీ వినబడేలా, "పోన్లే, ఇంట్లో శీకాయ మిగులుతుంది" అన్నాడు. కొంతమంది నవ్వారు. అది చిన్న విషయం.

రెండేళ్ల తర్వాత ఒక ఉదయం గులాబీ వస్త్రాల వరస ఒకటి అతని వీధిలో భిక్షకు వచ్చింది. వరసలో మూడో మనిషి ప్యూ. అతని గుమ్మం ముందు ఆగింది, కళ్లు దించుకుని, పళ్లెం పట్టుకుని. బియ్యం వేయాలంటే చెప్పులు విడిచి, కిందికి కూర్చుని, చెంచాతో వేసి, చేతులు జోడించాలి. లెక్కలు రాకపోతే అతను చెవి మెలిపెట్టిన పిల్ల. ఇంట్లో బియ్యం ఉంది. చెంచా గుమ్మం పక్కనే ఉంది.

"గడో" అన్నాడు.

ఆ ఊళ్లో ఆ మాటకి అర్థాలు రెండు మూడున్నాయి. పెద్దల పాదాల ముందు వంగి క్షమించమని అడగడం గడో. మొరటు మాట అనాల్సి వస్తే ముందు ఏమీ అనుకోవద్దని చెప్పడం గడో. భిక్షకు వచ్చినవాళ్లని ఇవాళ ఏమీ లేదు, ముందుకు వెళ్లండి అని పంపేయడం కూడా గడోనే. అతను మూడో అర్థంలో అన్నాడు. ఆమె ఒక ఊపిరంతసేపు నిలబడింది. తర్వాత పక్కింటికి వెళ్లింది. పక్కింటివాళ్లు రెండు చెంచాలు వేశారు.

అప్పటి నుంచి వాళ్లిద్దరూ ఎక్కడ కలిసినా, తక్కినవాళ్లు ఆమెకు మొక్కే సమయానికి ఓన్ ఖిన్‌కి ఏదో పని పడేది. అమ్మ దహనం రోజు కూడా బయట కార్లు సరిగ్గా నిలబెట్టించాడు.

*

అయిదో రోజు అతను ఒక ఏర్పాటు చేసుకున్నాడు. భోజనశాల వెనక గోడ ఉంది. గోడకి అవతల వంటసాల. ఎవరూ లేనప్పుడు ఆ గోడ వైపు తిరిగి, మనసులోనే మూడుసార్లు వంగాడు. వెంటనే హాల్లోకి వెళ్లి కూర్చున్నాడు. పొట్ట రెండుసార్లు ఉబ్బింది, ఆగిపోయింది.

"గోడకి మొక్కితే గోడ క్షమిస్తుంది" అన్నాడు తా జాన్, విషయం విన్నాక. "ఎవరావిడ?"

"మా చెల్లెలు. ఇక్కడే ఉంటుంది, చిన్న గురువమ్మ."

తా జాన్ అడుగు ఆగింది. "మన పులుసు వడ్డించే సుచారి గురువమ్మా?"

"అవునన్నా."

"ఆమెనా తిట్టావు?" తా జాన్ ఈసారి పెదవులు కదిలించాడు. "పొట్ట ఆగిపోయిందని ఏడుస్తున్నావు, నీకు ఇంకా ఊపిరి ఆడుతోంది, సంతోషించు."

"చెల్లెలన్నా. చిన్నది. అన్న చెల్లెలికి ఎలా మొక్కుతాడు?"

"చెల్లెలికి మొక్కమని ఎవడన్నాడు? గులాబీ బట్టకి మొక్కు. లోపల ఎవరుంటే నీకేం?"

అది మంచి కారణం. ఓన్ ఖిన్ దాన్ని ఒక రోజంతా దగ్గర ఉంచుకున్నాడు. కానీ లోపల ఎవరున్నదీ అతనికి తెలుసు. గరిటె చప్పుడు బట్టది కాదు.

ఆరో రోజు పండుగ మొదలైంది. ప్రహరీ అవతల పాటలు, లారీలు, అరుపులు. ఎవరో గొట్టంతో కొట్టిన నీళ్లు గోడ దాటి వచ్చి, వరండాలో నడుస్తున్న పదకొండు మందిలో ఓన్ ఖిన్ ఒక్కడి మీదే పడ్డాయి. 'తడి, తడి' అని గుర్తించాడు. నేనే ఎందుకు అని కూడా గుర్తించాడు.

మధ్యాహ్నం భోజనంలో పండుగ ఉండలు పెట్టారు. బియ్యప్పిండి ఉండలో బెల్లం ముక్క పెట్టి, మరిగే నీళ్లలో వేసి, తేలాక కొబ్బరి చల్లుతారు. ఇళ్లల్లో చేసేటప్పుడు అల్లరివాళ్లు ఒకదాంట్లో బెల్లానికి బదులు మిరపకాయ పెడతారు. ఇది ధ్యాన కేంద్రం కాబట్టి అలాంటివి ఉండవు. సుచారి వరస వెంట వడ్డిస్తూ వచ్చింది. ఓన్ ఖిన్ నియమం ప్రకారం కళ్లు దించుకున్నాడు. గులాబీ అంచు ఒకటి ఆగి, పళ్లెంలో మూడు ఉండలు వేసి, కదిలిపోయింది.

రెండో ఉండలో మిరపకాయ ఉంది.

'కారం, కారం' అని గుర్తించాడు. కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. 'నీళ్లు' అని గుర్తించాడు. ఏడు వందల ఉండల్లో ఒక్కటి. ఎదురుగా కూర్చున్న తా జాన్ తన ఉండ సుఖంగా నములుతున్నాడు. ప్యూ ఎనిమిదేళ్లప్పుడు కూడా ఇలాగే పెట్టింది, పిన్ని కొడుకు పళ్లెంలోకి మారితే అక్కడి నుంచి తీసి మళ్లీ అతని పళ్లెంలోనే వేసింది. ఓన్ ఖిన్ ఉండ మొత్తం నమిలి మింగాడు. జీవితంలో మొదటిసారి ఒకదానికి కారణం వెతకలేదు. అక్కర్లేదు, తెలుసు.

ఆ మధ్యాహ్నం గురువుగారి ముందు, "పొట్ట ఉబ్బిందండి" అన్నాడు.

"గుర్తించావా?"

"గుర్తించానండి. తర్వాత చెల్లెలు వచ్చింది."

"ఎక్కడికి?"

"మనసులోకండి. 'తలుస్తున్నాను, తలుస్తున్నాను' అనుకున్నాను."

"అనుకుంటే?"

"పోలేదండి. పొట్ట మాత్రం ఉబ్బుతూనే ఉంది."

గురువుగారు విసనకర్ర ఒకసారి అటూ ఇటూ తిప్పారు. ఆరు రోజుల్లో అది ఆయన చూపించిన అతి పెద్ద ఉత్సాహం.

"గురువుగారూ, నేను వెళ్లి ఆమెకి మొక్కాలాండి?"

"వెళ్లేటప్పుడు కాళ్లు ఏం చేస్తున్నాయో గుర్తించు" అన్నారు. వెనకాయన్ని రమ్మని సైగ చేశారు.

*

కొత్త సంవత్సరం రోజు మబ్బులేని ఎండ. ఊళ్లో వాళ్లు పెద్దల తలలు కడిగే రోజు. కేంద్రంలో కూడా నూతి దగ్గర అరుగు మీద ముసలి సాధకురాళ్లు ఆరుగురు జుట్టు విరబోసుకుని వరసగా కూర్చున్నారు. సుచారి మోకాళ్ల దాకా వస్త్రం ఎగ్గట్టి, శీకాయ కాచిన నీళ్లు గిన్నెతో వాళ్ల తలల మీద పోస్తోంది. గోడ పక్కన ఆమె సంచి కట్టి పెట్టి ఉంది. బస్సు పన్నెండున్నరకి.

ఓన్ ఖిన్ వరండా చివరి నుంచి బయల్దేరాడు. 'ఎత్తుతున్నాను, జరుపుతున్నాను, ఉంచుతున్నాను.' కేంద్రంలో అందరూ అలాగే నడుస్తారు కాబట్టి అతను ఆలస్యం చేస్తున్నట్టు ఎవరికీ అనిపించదు. ముప్పై అడుగుల దూరానికి పావుగంట పట్టింది.

ఆమె మూడో తల దగ్గర ఉంది.

"రండి దాతగారూ" అంది, తల ఎత్తకుండా.

గులాబీ వస్త్రాలు కట్టినవాళ్లు గృహస్థుల్ని అలాగే పిలుస్తారు, ఏమిచ్చినా ఇవ్వకపోయినా.

"వెళ్లిపోతున్నావట... వెళ్తున్నారట" అన్నాడు.

"అవును. మీ పొట్ట ఎలా ఉంది?"

"అందరికీ తెలుసా?"

"తా జాన్ దాతగారు మౌనంలో ఉన్నారు కదా." గిన్నె వంచింది. "కళ్లు మూసుకో పెద్దమ్మా, మంట పుడుతుంది."

ముసలావిడ కళ్లు మూసుకుంది. చెవులు మూసుకోలేదు.

"నేను ముందే రావాల్సింది" అన్నాడు ఓన్ ఖిన్. "అమ్మకి బాగా లేనప్పుడే వద్దామనుకున్నాను. అప్పుడు ఆఫీసులో తనిఖీ. ఆ మరుసటి ఏడాది వరదలు. ఆ పైన నా మోకాలు..."

"ఇంకా రాస్తూనే ఉన్నావా అన్నయ్యా?" ఆమె నవ్వింది. "రేవులో మూడు నెలలు నీ కారణాలకి కాపీలు తీశాను. ఒక్కటీ నమ్మలేదు. చేతిరాత మాత్రం బాగుండేది."

"ఎవరమ్మా ఈయన?" అంది ముసలావిడ కళ్లు తెరవకుండా.

"మా అన్నయ్య. శీకాయ మిగుల్చుకునే మనిషి."

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఓన్ ఖిన్ చెవులు వేడెక్కాయి. 'వేడి' అని గుర్తించాడు.

"ఆ రోజు గుమ్మంలో..." అన్నాడు.

"గడో అన్నావు."

"అవును."

"అన్నయ్య నాకు మొక్కాడు అనుకున్నాను. మాటకి అర్థం అదేగా." నాలుగో తల దగ్గరికి జరిగింది. "అలాగే ఉంచేశాను. నా వైపు నుంచి అదెప్పుడో అయిపోయింది. నువ్వు బెంగపెట్టుకోకు, వెళ్లి భోంచెయ్యి. పదకొండైంది."

ఆమె నిజంగానే అంది. ఎత్తిపొడుపు ఉందేమోనని అతను ఆమె గొంతులో వెతికాడు. మిరపకాయ దొరికినంత తేలిగ్గా దొరకలేదు. అంటే పని అయిపోయింది. మాట అన్నది అతనే, అందుకున్నది ఆమే, అర్థం కూడా ఆమే ఇచ్చింది. ఇంతకంటే మంచి కారణం ఇరవై ఆరేళ్లలో ఏ సరంగూ తెచ్చి ఇవ్వలేదు. సంతకం పెట్టి పైకి పంపడమే మిగిలింది. భోజనం గంట కూడా కొట్టారు.

అతను వెనక్కి తిరిగాడు. 'తిరుగుతున్నాను, తిరుగుతున్నాను.' ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకి కాలు ఎత్తాలన్న ఉద్దేశం ముందుగా కలుగుతుందని, దాన్ని కూడా గుర్తించాలని గురువుగారు చెప్పారు. ఓన్ ఖిన్ ఆ ఉద్దేశం కోసం చూశాడు. అది రాలేదు. ఎందుకు రాలేదో అతను రాసుకోలేదు.

మళ్లీ ఇటు తిరిగాడు. ఆమె గిన్నెలో నీళ్లు తోడుతోంది.

"ఇంకా ఏమిటన్నయ్యా? నేల తడిగా ఉంది, జారుతావు."

అతను ఎడమ చెప్పు విడిచాడు. తర్వాత కుడిది. శీకాయ నురగ పారుతున్న గచ్చు మీద మోకాళ్లు ఆనించాడు, లుంగీ తడిసింది. ఆమె గబుక్కున గిన్నె కింద పెట్టి, ఎగ్గట్టిన వస్త్రం దించుకుని, సరిగ్గా నిలబడింది. ఓన్ ఖిన్ చేతులు జోడించి ముందుకు వంగాడు. నుదురు గచ్చుకి తగిలింది. పొట్ట తొడల మీద ఒత్తుకుని, ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది. అతను రెండోసారి వంగడానికి లేచాడు.